రాని జబ్బుకు మందు

జబ్బు వచ్చాక మందు తినడం లోకంలో ఉన్నదే. రాని జబ్బుకు రోజూ ఒక మాత్ర మింగుతున్నానంటే మా ఆఫీసులో వాళ్ళు నవ్వారు. "ఒళ్ళు బాగున్నదానికి మందెందుకమ్మా?" అని మా అత్తగారూ అడిగారు. సోదరీమణులకు పనికివస్తుందని ఆ సంగతి వ్రాస్తున్నాను.

మా అమ్మకు నలభైయారో యేట రొమ్ము క్యాన్సరు వచ్చింది. పిన్నికీ అదే. అవ్వ రాచపుండుతో పోయిందని వినడమేగాని, అది ఎక్కడ వచ్చిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మగారు మొట్టమొదట అడిగింది అదే. మేనత్తల సంగతి కూడా కావాలన్నారు. ఈ దోషం తండ్రివైపునుంచీ సంక్రమించవచ్చునట. పెళ్ళి సంబంధమంటే ఇంటిపేరూ, గోత్రమూ, తాతముత్తాతల ఊరూ ఏకరువు పెట్టే మనవాళ్ళం, ఈ ఒక్కచోట నోరు విప్పం. పిల్లకు సంబంధం తప్పిపోతుందని భయం!

జన్యు పరీక్షలో దోషం కనబడలేదు. అయినా వంశాన్నిబట్టి నాకు అపాయం ఎక్కువేనని, టామోక్సిఫెన్ అనే మాత్ర సంగతి చెప్పారు. 1962లో ఇంగ్లండులో గర్భనిరోధానికని తయారుచేస్తే అందుకు అక్కరకు రాలేదు. తరువాత క్యాన్సరుకు మందైంది. అమెరికాలో అపాయం ఎక్కువున్న పదమూడువేల పైచిలుకు స్త్రీలలో సగంమందికి ఇదీ, సగంమందికి మందులేని మాత్రా ఇచ్చి చూశారు. 1998లో ఫలితం తెలిసింది: మందు తిన్నవారిలో ఈ జబ్బు దాదాపు సగానికి తగ్గింది. ఈస్ట్రోజన్ అనే హార్మోను రొమ్ములోని కణాలను పెంచకుండా ఇది అడ్డుపడుతుంది. ఆ హార్మోనుతో పెరిగే రకాలకే ఇది పనిచేస్తుంది.

చిక్కులూ లేకపోలేదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి ఎగసి చెమటలు పోస్తాయి. ఆడిటర్ల ముందు కొంగుతో విసురుకోవలసి వస్తుంది. అరుదుగా నరాల్లో నెత్తురు గడ్డకట్టవచ్చు, గర్భసంచి క్యాన్సరు రావచ్చు. యాభై దాటినవారికి ఆ భయం ఎక్కువ. గర్భిణులూ, వెనుక నెత్తురు గడ్డకట్టినవారూ వాడరాదు. ముట్లుడిగినవారికి రాలాక్సిఫీన్, అనాస్ట్రోజోల్ అనే వేరే మందులున్నాయి.

"బలవంతం లేదు, మీరే తేల్చుకోండి" అన్నారు డాక్టరమ్మ. గుమాస్తా బుద్ధి గనుక జమాఖర్చులు వేసుకున్నాను. ఒకవైపు ఐదేళ్ళ మాత్రలూ, చెమటలూ. రెండోవైపు అమ్మ ఆసుపత్రి మంచంమీద గడిపిన పద్ధెనిమిది నెలలు. మరునాడే మాత్ర మొదలుపెట్టాను. ఏటా పరీక్షలు మాత్రం మానకూడదు. మాత్ర అపాయాన్ని తగ్గిస్తుందే గాని తుడిచివేయదు.

మా అమ్మాయికి పద్ధెనిమిదేళ్ళు. దానికోసం ఒక నోటుబుక్కులో మా ఇంట ఎవరికి ఏ వయస్సులో ఏ జబ్బు వచ్చిందో వ్రాసిపెట్టాను. మేనత్తల పేర్లకెదురుగా ఇంకా ఖాళీయే. దీపావళికి మధుర వెళ్ళినప్పుడు అడిగి పూర్తిచేయాలి.