రోగి మంచం దగ్గర విశ్వాసం

తెలుగునాట కొత్తగా చర్చి గడప తొక్కినవాళ్లను ఎందుకు వచ్చారని అడిగితే జబ్బు, అప్పు, చావు, ఇంట్లో తాగుడు, వీటిలో ఏదో ఒకటి బయటికొస్తుంది. ఆదివారం కూడికల్లో చెప్పుకునే సాక్ష్యాలు చాలావరకు ఆసుపత్రి వార్డులోనే మొదలవుతాయి. అందుకే ఈ మార్పు వైద్యుడి కంటికి అతి దగ్గరగా కనిపిస్తుంది. బయటివాళ్లు దీనికి రెండు కారణాలు చెబుతారు: చావు భయం, లేదా ఎవరో చూపిన ఆశ. వార్డులో జరిగేదానికి ఈ రెండూ చాలవు. కష్టం వచ్చినప్పుడు మొదట దూరమయ్యేది మనుషులు. ఆ ఖాళీలో ఎవరు వచ్చి కూర్చున్నారన్నదే అసలు సంగతి.

ఒక ఆటో డ్రైవరు భార్య కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీన్ మీద ఉండేది. మొదట్లో చుట్టాలు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. తర్వాత ఫోన్లతో సరిపెట్టారు, ఆ తర్వాత అవీ ఆగాయి. పక్క మంచం ఆవిడను చూడటానికి మాత్రం సంఘం ఆడవాళ్లు వారం వారం వచ్చేవారు. వాళ్లు ఈమె దగ్గరా ఆగారు. క్రియాటినిన్ ఎంతని అడగలేదు. పిల్లలకు అన్నం ఎవరు వండుతున్నారని అడిగారు. పేరు కనుక్కుని, చెయ్యి పట్టుకుని, ఆ పేరుతోనే ప్రార్థన చేశారు. మరుసటి వారం వచ్చినప్పుడు పెద్దపిల్ల పరీక్ష ఎలా రాసిందని అడిగారు. స్టాఫ్ నోట మూడో నంబరు మెషీన్ పేషెంటుగా మిగిలిన మనిషికి అది చిన్న విషయం కాదు. కొన్ని నెలలకు ఆమె వాళ్ల మందిరానికి వెళ్లడం మొదలుపెట్టింది. కారణం అడిగితే, "నా పేరు పెట్టి దేవుణ్ణి అడిగారండీ" అంది. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం గోడ మీదే ఉంది.

నూటయాభై ఏళ్ల కిందటి ఒంగోలు చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని కల్పించాడు. ఆయన దగ్గరి బోధకులే ఆ పనికి మేస్త్రీలు. కూలికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి ఒక్కటే కారణమైతే పని ముగిశాక వాళ్లు రానక్కర్లేదు. పైగా కరువుకు పదేళ్ల ముందే, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బోధకుడి ద్వారా ఆ కదలిక పల్లెల్లో మొదలైంది. మనిషిగా చూసే చోటు ఉందని వాళ్లకు అప్పటికే తెలుసు. కరువు వాళ్లను అటు నెట్టింది, అంతే. లాభం కోసమే మారతారన్న వాదం ఇప్పటి చట్టం ముందు కూడా నిలవదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే చాలా ఇళ్లలో ప్రార్థన క్రీస్తుకు, సర్టిఫికెట్‌లో మాత్రం హిందువే.

వైద్యం కూడా ఈ కథలో భాగమే. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టర్ ఇసబెల్ కెర్ పనిచేసిన రోజుల్లో మిషన్ ఆసుపత్రి తప్ప దిక్కులేని రోగులు ఎందరో. కుష్ఠుకు సరైన మందు ఇంకా రాలేదు. డిచ్‌పల్లిలో ఇచ్చిన నూనె ఇంజెక్షన్ల ఫలితం అంతంతమాత్రమే. కానీ ఊరవతల పాకలో పడేసిన మనిషి పుండును ఒక డాక్టరమ్మ చేత్తో కడిగి కట్టు కట్టింది. క్రీస్తు కుష్ఠురోగిని ముట్టుకున్నాడన్న సువార్త కథ ఆ రోగికి బోధలా కాక, పొద్దున తనకు జరిగినదానిలా వినిపించి ఉంటుంది.

బోధలో ఉన్న బలం గురించీ చెప్పుకోవాలి. జబ్బుపడ్డ ఇంట్లో తరచూ వినిపించే మాట "ఏ జన్మలో ఏ పాపం చేశారో" అన్నది. గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే ఆ తల్లి గ్రహణం రోజు బయట తిరిగిందని అత్తింటివాళ్లు తేల్చేస్తారు. అందులో ఆమె తప్పేమీ లేదని, మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి ఆపరేషన్ చేయవచ్చని డాక్టరు ఎంత చెప్పినా ఆమె తల ఎత్తదు. అలాంటి ఒక తల్లికి పాస్టరుగారి భార్య యోహాను సువార్తలోని పుట్టుగుడ్డి కథ చెప్పింది. ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడిని కన్నవాళ్లదీ కాదని క్రీస్తు అంటాడు. ఆపరేషన్‌కు ముందు చెకప్‌కు వచ్చినప్పుడు ఆ తల్లి బిడ్డ ముఖం మీద కొంగు కప్పలేదు. దెబ్బలు తిని సిలువ మీద చనిపోయిన దేవుడు తమ బాధను లోపలినుంచి ఎరుగుననే నమ్మకం, నొప్పితో ఉన్నవాళ్లను పట్టుకున్నంతగా ఆరోగ్యవంతుల్ని పట్టుకోదు.

ఇదే బోధ తలకిందులైతే గాయపరుస్తుంది. "నీ విశ్వాసం చాల్లేదు, అందుకే తగ్గలేదు" అనే బోధకులూ ఉన్నారు. ఆ మాట పూర్వజన్మ పాపం మాటకు ఏమాత్రం తీసిపోదు. పరిశోధకుడు కెన్నెత్ పార్గమెంట్ బృందం 2001లో అమెరికాలో ఆసుపత్రిలో చేరిన పెద్దవయసువాళ్లపై అధ్యయనం ప్రచురించింది. దేవుడు తమను విడిచిపెట్టాడని, తమను ప్రేమించడంలేదని కుమిలినవాళ్లలో తర్వాతి రెండేళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి.

తాగుడు మాన్పించే దగ్గర సంఘం చేసే మేలు స్పష్టంగా తెలుస్తుంది. ముందు భార్య శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళుతుంది, చాన్నాళ్లకు భర్తను తీసుకెళుతుంది. వణుకు, ఫిట్స్, మతి చలించడం వచ్చే మొదటి వారం ఆసుపత్రిలోనే గడవాలి. ప్రార్థన మందిరంలో పడుకోబెట్టి మాన్పించబోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ వారం దాటాక సాయంత్రం ఆరింటికి కాళ్లు బ్రాందీషాపు వైపు లాగుతాయి. ఆ గంటకు మాత్ర ఒక్కటే చాలదు. ఆ వేళకు కూడిక, పాట, "తమ్ముడూ, వచ్చావా" అని పలకరించే పెద్దమనిషి ఉంటే చాలామంది నిలబడతారు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఒక క్రైస్తవ బృందం ఒరవడిలోంచే వచ్చింది.

వైద్యుడు ఊరుకోకూడనిది మందు మాన్పించినప్పుడు. ప్రార్థన నూనె రాసుకుని మూర్ఛ మాత్రలు ఆపేసిన కుర్రాడు ఆగని ఫిట్స్‌తో వస్తాడు. షుగరున్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణాపాయం. ప్రార్థన ఫలితం తెలుసుకోవడానికి గుండె బైపాస్ చేయించుకున్న సుమారు 1,800 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లకోసం తెలియనివాళ్లు చేసిన ప్రార్థన ఆపరేషన్ తర్వాతి చిక్కులను తగ్గించలేదు. అలాగని రోగితో విశ్వాసం గురించి తగవు పెట్టుకుంటే అతను మళ్లీ క్లినిక్‌కు రాడు. ఏ మందిరానికి వెళుతున్నారో అడిగి, పాస్టరుగారికి ఫోన్ చేస్తే పని జరుగుతుంది. "మాత్ర వేసుకో అమ్మా, ప్రార్థనా చేద్దాం" అని ఆయన నోట వస్తే మందు ఆగదు.

కష్టం తీరాక అందరూ ఉండిపోరు. కొందరు స్వస్థత దొరకగానే మానేస్తారు, కొందరు దొరకలేదని మానేస్తారు. ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవానికి మొక్కు చెల్లించి, అదే ఏడు తిరుపతి వెళ్లేవాళ్లకు లెక్కలేదు. నిలిచిపోయేవాళ్లలో జబ్బు నయం కానివాళ్లూ, మనిషిని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లూ చాలామంది. ఆ ఆటో డ్రైవరు భార్య పోయాక సంఘం వాళ్లు వంటపాత్రలు తెచ్చి ఇంటిముందు పొయ్యి పెట్టారు, రాత్రుళ్లు పిల్లల దగ్గర పడుకున్నారు. అప్పటిదాకా మందిరం ముఖం చూడని భర్త ఆదరణ కూడికకు వచ్చాడు. తర్వాతి ఆదివారం పిల్లలిద్దర్నీ ఆటోలో ఎక్కించుకుని మళ్లీ వెళ్లాడు.