పరాసు దండులో పుట్టింటి పేరు

మా యింటి ఇనుపపెట్టెలో, పాత దస్తావేజుల నడుమ, మాసిన అట్ట గల చిన్న పుస్తక మొకటి యున్నది. మా తాతగారి తమ్ముడు పరాసు సైన్యమున పదునైదేండ్లు పనిచేసి, 1961లో యానాము తిరిగి వచ్చునపుడు తెచ్చుకొన్నది. దానిని చిన్నతాత 'లివ్రే' అనెడివారు. అందు ఆయన పేరు, పుట్టిన తేది, తలిదండ్రుల పేర్లు, ఎత్తు, కన్నుల రంగు, ఒంటి మీది మచ్చలు, సైన్యములో ఆయనకిచ్చిన సంఖ్య, పనిచేసిన పటాలములు, ఓడ యెక్కిన తేదులు, దిగిన తేదులు వరుసగా వ్రాయబడి యున్నవి. దండు అనగానే ఇతరులకు ఫిరంగులు, గుఱ్ఱములు జ్ఞప్తికి వచ్చును. మేము జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవారము. మాకు రిజిస్టరులే జ్ఞప్తికి వచ్చును. పరాసుల సైన్యచరిత్రను చదివిన కొలది, ఆ తలంపు అంత తప్పు కాదని తోచుచున్నది.

ఫ్రాన్సులో స్థిరమైన సైన్యము పుట్టుటయే జీతముతో పుట్టినది. ఏడవ చార్లెసు రాజు 1445లో పదునైదు దళముల నేర్పరచి, యుద్ధము లేనప్పుడును వానికి ప్రజల పన్నుల నుండి జీతము లిప్పించెను. అంతకు ముందు యుద్ధము ముగియగానే సైనికులు నిరుద్యోగులై, గుంపులు గట్టి పల్లెలను దోచెడివారు. అయితే జీతమున్న చోట దొంగలెక్కయు నుండును గదా! దళము కప్తానుకు సొత్తువంటిది. తన క్రింద ఇంతమంది యున్నారని చూపి అతడు పైకము తీసికొనెడివాడు. తనిఖీ దినమున దారిన పోవువారిని కూలికి పిలిచి వరుసలో నిలువబెట్టెడివాడు. సాయంత్రమునకు వారు తమ యిండ్లకు పోవువారు. ఇట్టి అద్దె సిపాయిలకు పరాసు భాషలో ప్రత్యేకముగా నొక పేరే యున్నది: 'పాస్‌వోలాన్'. పదునాలుగవ లూయీ కాలపు యుద్ధమంత్రి లూవ్వా ఈ మోసమును కఠిన శిక్షలతో అణచెను. ఆ రాజే 1670లో వృద్ధులును అంగహీనులును అయిన సైనికులకు పారిస్‌లో 'ఎన్వలీడ్' అను గొప్ప సత్రమును కట్టింప నాజ్ఞాపించెను. 1716లో మఱియొక ఆజ్ఞ వెలువడినది. ప్రతి సైనికుని పేరు, ఊరు, రూపురేఖలు రిజిస్టరులో వ్రాయవలెను. పాఱిపోయినవానిని పట్టుకొనుటకే యీ యేర్పాటు; కాని దాని వలన పేదవాని పేరు రాజుగారి పుస్తకమున కెక్కినది. చిన్నతాత లివ్రేకు ముత్తాత యీ రిజిస్టరే యని మేము తలంతుము.

మన ఉత్తర సర్కారులకు వచ్చిన పరాసు దండు రాజుగారిది గాదు, వర్తకపు కుంపిణీది. 1753లో సలాబతు జంగు ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము, ముస్తఫానగరము సర్కారులను బూసీ దొర కిచ్చినది దేనికి? సైన్యమునకు జీతములు చెల్లించుటకే. అనగా గోదావరి రైతు కట్టిన శిస్తు పరాసు దండునకు కూడైనది. ఆ దండే 1757 జనవరిలో బొబ్బిలి కోటపై విడిసినది. 1758 డిసెంబరులో, పిఠాపురము దగ్గఱి చందుర్తి కడ, బూసీ స్థానమున నున్న కోన్‌ఫ్లాన్ ఇంగ్లీషు సేనాని ఫోర్డు చేతిలో ఓడెను. మఱు సంవత్సరము ఏప్రిలులో మచిలీపట్టణము పోయెను. బొబ్బిలి కథ చెప్పువారు రంగారావును, పాపారాయుని గానము చేయుదురు. బూసీ పేరును విడువరు. ఆ పక్షమున ముందు వరుసలో నిలిచిన సిపాయిల పేరు లెవ్వరును పాడరు. నెలజీతమునకు పోయిన వాని పేరు పాట కెక్కదు. ఖాతా కెక్కినచో ఎక్కును.

విప్లవకాలమున రెండు శాసనములు పుట్టినవి. 1793 ఆగస్టు 23న దేశమంతయు యుద్ధమునకు లేవవలెనని మొదటి శాసనము. ఇది చరిత్రపుస్తకము లన్నిటను కలదు. సరిగా ఒక్క సంవత్సరమునకు, 1794 ఆగస్టు 23న, పుట్టుక పత్రమున నున్న పేరు దప్ప వేఱు పేరు ఏ పౌరుడును ధరింపరాదని రెండవ శాసనము. దీనిని చరిత్రకారు లంతగా పట్టించుకొనరు. మాకు మాత్రము దీని మహిమ స్వానుభవమున తెలిసినది, ముందు చెప్పెదము. 1798లో నిర్బంధ సైనికసేవకు చట్టము వచ్చెను. నెపోలియను విజయములు ఆ చట్టపు బలిమి మీద నడచినవే. ఆ నిర్బంధసేవ పెక్కు మార్పులతో 2001 వఱకు సాగి నిలిచినది. ఇప్పుడందఱును ఇష్టపడి చేరినవారే.

ఆ సైన్యపు కట్టుబాటును చిన్నతాత మాకు అరుగు మీద చింతగింజలతో నేర్పిరి. ముప్పది నలువది గింజలు ఒక కుప్ప, అది 'సెక్సియోన్', దానికి లెఫ్టినెంటు పెద్ద. మూడు నాలుగు కుప్పలు చేరిన కంపెనీ, దానికి కప్తాను. కొన్ని కంపెనీలు చేరి వెయ్యిమంది దాఁకనైన రెజిమెంటు, దానికి కర్నలు. పైన బ్రిగేడులు, డివిజనులు, జనరళ్లు. ఇప్పటికిని మెట్లివియే. "జనరలు ముఖము నే నెన్నడును చూడలేదురా. సిపాయికి కప్తానే తండ్రి, జీతములు వ్రాయువాడే తల్లి" అనెడివారు. మేము గుమాస్తా పనిలో కుదిరినప్పు డీ మాట తలచుకొని కొంత గర్వించితిమి.

ఆయన టోపీ మీద లంగరు గుర్తుండెను. ఓడలలో పనిచేసితిరా యని అడుగగా నవ్విరి. ఆయన పనిచేసినది వలసప్రాంతపు పదాతిదళము. ఆ దళములు 1900 వఱకు నౌకామంత్రి చేతిక్రింద నుండెను. ఆ యేడు యుద్ధమంత్రి క్రిందికి మాఱినను లంగరు మాత్రము పోలేదు. నేటికిని ఆ దళముల వారు దానినే ధరించుచున్నారు.

మా కుటుంబమున కీ కొలువు దొరకుటకు మూలము 1881 నాటి డిక్రీ. తమ కులాచార ధర్మమును విడిచి పరాసు సివిలు చట్టమును అంగీకరించినవారు, స్థిరమైన కుటుంబనామమును వ్రాయించుకొని, ఆ చట్టము క్రిందికి రావచ్చునని అది చెప్పెను. మా ముత్తాత ఇంటిపేరునే వ్రాయించిరి. చిన్నతాత 1946లో సైన్యమున చేరి హిందూచీనాకు పోయిరి. అచ్చటి పోరునుగూర్చి ఆయన మాటలాడెడివారు కారు. వరిచేలు మన కోనసీమను పోలియుండునని మాత్రము చెప్పిరి. 1954 మే నెలలో ద్యెన్ బ్యెన్ ఫూ పడిపోయినది. నవంబరు 1న యానాము భారతదేశ పరిపాలనలోనికి వచ్చినది. అక్కడ సైన్యము, ఇక్కడ ఊరు, ఒక్క యేటనే ఆయన కాళ్లక్రింద మాఱిపోయినవి. 1962 ఆగస్టు 16న ఒడంబడిక అమలులోనికి రాగా, పరాసు పౌరసత్వమును కోరువారు ఆఱు నెలలలో వ్రాసి ఇయ్యవలసి యుండెను. ఆయన వ్రాసి ఇచ్చిరి. బంధువులు కొందఱు పరాయివాడైనాడనిరి. ఆయన యానాము విడిచి యెక్కడికిని పోలేదు.

ఆయన 1978లో గతించిరి. పింఛనులో సగము చిన్నమామ్మకు రావలెను. అందులకై ఆమె జీవించి యున్నట్లు ఏటేట పత్రము పంపవలెను. మే మప్పుడే కొలువున చేరి ఆఱు నెలలు కాలేదు. కాగితములు మాకు తెలియునన్న అహంకారము మెండు. 1979లో ఆ ఫారమును మేమే నింపితిమి. పేరు గడిలో మా ఇంటిపేరు వ్రాసి, ప్రక్కన ఆమె పేరు వ్రాసితిమి. మన ఆచారమున పెండ్లియైన స్త్రీకి అత్తింటి పేరే గదా!

పైకము రాలేదు. నెల గడచెను, రెండు నెలలు గడచెను. మేము వ్రాసిన ఉత్తరములు ఇంగ్లీషున నుండుటచే కాబోలు, బదులు లేదు. ఏడవ నెలలో చిన్నమామ్మ పాడిగేదెను అమ్మివేసినది. అమ్మిన దినమున ఆమె మమ్ము పిలిచి, "నీకు చెప్పలేదురా అబ్బాయీ, నొచ్చుకొందువని" అనెను. ఆ మాటకు మేము తలయెత్తలేకపోతిమి.

పరాసు భాష నెఱిగిన వృద్ధోపాధ్యాయు లొకరు ఫారమును చూచి క్షణములో తప్పు పట్టిరి. "వారి చట్టమున పెండ్లి చేత పేరు మాఱదు. ఈమె కాగితమున నేటికిని తన తండ్రి యింటి ఆడుబిడ్డయే. భర్త పేరు రెండవ వరుసలో వ్రాయవలెను" అనిరి. ఇది 1794 నాటి శాసనము! మైసూరు, బరంపురము, చెన్నపట్టణములలో స్థిరపడిన మన సోదరులలో, పరభాషా ఫారములలో ఇంటిపేరు ఏ గడిలో వ్రాయవలెనో తెలియక చిక్కులు పడనివా రుందురా? మా చిక్కు మఱింత లోతైనది. చిన్నమామ్మకు పుట్టింటి పేరు పలికి యేబది యేండ్లు దగ్గఱకు వచ్చినది. పాత జనన రిజిస్టరు నకలు తీయింపగా, పరాసు లిపిలో, తిన్నని చేవ్రాతతో ఆమె తండ్రి పేరును ఇంటిపేరును కనబడెను. చదివి వినిపింపగా ఆమె, "మా నాన్న ఇంకను అందులో నున్నాడా?" అని అడిగెను.

రెండు నెలలకు బాకీతో సహా పైకము వచ్చినది. గేదెను తిరిగి కొనుటకు పోతిమి గాని, కొన్నవా రమ్మలేదు, వేఱొకదానిని కొంటిమి. ఆ పిదప ప్రతి సంవత్సరము పత్రమును మేమే నింపితిమి. సంతకమునకు వ్రేలిముద్ర చాలును గాని, ఆమె పట్టుబట్టి పుట్టింటి పేరును వ్రాయుట నేర్చుకొన్నది. 1987లో ఆమె మరణమును తెలుపు పత్రమును కూడ మేమే పంపితిమి. దానికి నకలు తీసి, లివ్రేలో చిన్నతాత చివరి పుటకు ఎదురుగా పెట్టితిమి.