సిపాయి ఇల్లాలు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుచుట ఊరక కాదు. ప్రథమ ప్రపంచ సంగ్రామము మొదలుకొని తరతరములుగా సైన్యమునకు బిడ్డలనిచ్చుచు వచ్చిన ఆ పల్లెను తలఁచినపుడెల్ల నా మనస్సు వీరుని కంటె ముందుగా అతని యిల్లాలి మీఁదికే పోవును.

సిపాయికి ఏటా లభించు 60 దినముల వార్షిక సెలవులోనే కోఁతలు, చెల్లెలి పెండ్లి, తండ్రి కంటి చికిత్స, పిల్లవాని బడి, అన్నియు ఇమిడిపోవలెను. కుటుంబమును వెంట నుంచుకొన వీలులేని సరిహద్దు శిబిరమున అతఁడును, అత్తమామల నడుమ ఆమెయు, ఒకే దాంపత్యమును రెండు వేర్వేరు బ్రదుకులుగా గడపుదురు. సెలవుపై వచ్చిన తండ్రిని గుర్తింపక పసివాఁడు తల్లి కొంగుచాటునకు పోయినచో ఎవరిని తప్పుపట్టగలము?

ఎడబాటు ముదిరి విడాకులదాఁక పోయినపుడు చట్టము కొంత అండగా నిలుచును. 1925 నాటి సైనికుల వ్యాజ్యముల చట్టము, యుద్ధవిధులలోనున్న సిపాయి పరోక్షమున వ్యాజ్యము సాగకుండ కాపాడును. 1950 నాటి సైనిక చట్టము, భార్యాబిడ్డలను పోషింపని వాని జీతమునుండి మనోవర్తికై కొంత మినహాయించు అధికారము నొసఁగును. రెండును న్యాయమే, కాని వ్యాజ్యము ఆగిన కాలమంతయు ఆమె జీవితమును ఆగియుండును.

సిపాయికి పిల్లనిచ్చు తలిదండ్రులారా, పింఛనును, క్యాంటీను సదుపాయములను విచారించుటతోనే తృప్తినొందక, ఆ యెడబాటు యేండ్లు ఎట్లు గడపవలెనో పెండ్లికి ముందే ఆ యిద్దరిచేతను మాటలాడింపుఁడు.