కరగవలసిన ‘నేను’

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. సమీపాన ఖుర్సీపార్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇనుము నుంచి చిట్టెం వేరయ్యే తీరు తెలియనిది కాదు. కవనాన్నీ గానాన్నీ దైవస్మరణగా భావించిన సూఫీలకు కళ కూడా అటువంటి కొలిమే. అందులో కరగవలసినది ‘నేను’.

తెలుగునాట ఇందుకు నిదర్శనం పిఠాపురం పీఠాధిపతి, కవి ఉమర్ ఆలీషా (1885–1945). ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆయన పారసీకం నుంచి తెలుగు పద్యాలుగా మలిచారు. అనువాదకుడు తన గొంతు తగ్గించుకుంటేనే మూలకవి స్వరం వినిపిస్తుంది. గురుపీఠం అధిష్ఠించినవారు మరొకరి మాటకు వాహికగా నిలవడం చిన్న తపస్సు కాదు.

అయితే, శ్రోతలు మెచ్చిన క్షణాన ‘ఇది నాది’ అన్న భావం మళ్లీ తలెత్తుతుంది. పద్యం పూర్తయినా సాధన పూర్తి కాదు.