రెండు లంకల నడుమ దూరము

కృష్ణవేణి మన డెల్టాలో అడుగిడుచోట నొక లంకయు, సముద్రుని జేరుచోట నొక లంకయు కలవు. మొదటిది బెజవాడయొద్ద ప్రకాశము బ్యారేజీకి ఎగువనున్న భవానీద్వీపము. రెండవది దివిసీమ కొసను, నాగాయలంకకు దిగువనున్న ఎదురుమొండి. ఈ రెంటి నడుమ దూర మెంత? ప్రయాణ మెంతసేపు?

పటముపై దారము పట్టి కొలిచినచో సుమారు 80 కిలోమీటర్లు, పాతలెక్కకు ఆరామడలు. ఇది గాలిదారి. గంటకు 500 కిలోమీటర్లు పోవు విమానమున కిది పదినిమిషముల పని యని బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని నేల విడిచి పైకెక్కునపుడును, క్రిందికి దిగునపుడును విమానమున కా వేగ ముండదు. కావున లెక్కకు పదినిమిషములైనను, పనిలో అరగంటకు దగ్గరపడును. అదియుగాక ఈ లంకలలో దేనియందును విమానాశ్రయము లేదు, ఉన్నది గన్నవరమున. 2024 నవంబరు 9వ తేదీన బ్యారేజీ యెగువ నీటిపైనుండి యొక నీటివిమానము లేచి శ్రీశైలమున దిగినది. అది పరీక్షకై చేసిన ప్రయాణము.

ఇక నేలదారిని పోదము. ద్వీపమునుండి పడవలో ఒడ్డు చేరి, కరకట్టవెంట అవనిగడ్డకు పోవుటకు రమారమి రెండుగంటలు. పులిగడ్డయొద్ద కృష్ణ రెండుపాయలై దివిసీమను చుట్టుకొనును. మాఘపూర్ణిమనాడు హంసలదీవికి సాగరసంగమ స్నానమునకై పోయిన సోదరీమణు లీ సీమ నెరుగుదురు. నాగాయలంక దాటిన పిమ్మట ఎదురుమొండికి నీ రడ్డము. తరతరములుగా ఆ యూరివారు పడవలమీదను, పంటుమీదను పాయను దాటుచు వచ్చిరి. ఆవలియొడ్డు కంటి కగుపడుచునే యుండును. కాని పంటు ఆవలనున్నచో వేచియుండవలెను. గాలి రేగినచో ఆగవలెను. సంతకు పోవువాని కొక గంట యాలస్యమైనను నష్టము కొంచెమే. నొప్పులు పడుచున్న గర్భిణికిని, పాముకాటు తిన్న బిడ్డ నొడినిడుకొన్న తల్లికిని ఆ గంటయే ప్రాణము.

1977 నవంబరు 19వ తేదీన తుపానుతో ఉప్పెన లేచి దివిసీమలో వేలాది జనులను పొట్టబెట్టుకొన్నది. త్రోవలు తెగెను, తంతితీగలు కూలెను. బెజవాడకు కొలది గంటల దారియైన ఆ సీమ గోడు వెలుపలివారికి వెంటనే తెలియదయ్యెను. దూరము పెరుగలేదు, దారి పోయినది.

కావున సోదరీమణులారా, మీ యింటి ఆడపిల్ల నొక లంకయూరి కిచ్చునపుడు, పటము చూచి దగ్గరయే కదా యని తృప్తిపడకుడు. రాత్రివేళ దాటించువా రున్నారా, నెలలు నిండకమునుపే ఒడ్డుననున్న చుట్టములయింటికి ఆమెను చేర్చు నేర్పాటు కలదా యని ముందుగా విచారింపుడు. లంకకు వారధి పడిననాడు దూరము గజమైనను తగ్గదు. తల్లుల దిగులు మాత్రము చాల తగ్గును.