అమ్మ ఏడాదిగా ఎఫ్1 కొడుతోంది

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఇంటికి చేరా. మాది తోటపల్లి గూడూరు. హైదరాబాద్‌లో ఈ పేరు చెబితే "ఓ, గూడూరు జంక్షనా?" అంటారు. అది వేరు బాబూ. మాది నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. మా వైపు అందరూ టీపీ గూడూరు అనేస్తారు. కోడూరు బీచ్ మా మండలంలోదే.

బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది, నాన్న వచ్చి "కంప్యూటరు లేవడంలా. నువ్వొచ్చి చూస్తావని ముట్టుకోలా" అన్నాడు.

ఆ కంప్యూటర్ 2012లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, నెల్లూరులో అసెంబుల్ చేయించింది. విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే సపోర్ట్ ఆపేసింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆపలేదు. అందులో మా రొయ్యల గుంటల లెక్కలన్నీ ఉన్నాయి. మేత అప్పు మీద వస్తుంది, పట్టుబడి అయ్యాక డీలరుతో లెక్క తేల్చుకోవాలి. ఏ రోజు ఎన్ని బస్తాలు దిగాయి, ఎంత కట్టాం అన్నది అమ్మ రోజూ సాయంత్రం ఎక్సెల్‌లో వేస్తుంది. ఈసారి డీలరు చెప్పిన బాకీకీ నాన్న నోటి లెక్కకీ అరవై వేలు తేడా వస్తోంది. పండగలోపు తేల్చుకుందాం రమ్మని డీలరు కబురు పెట్టాడు. రుజువు ఏదైనా ఉందంటే అది ఆ డబ్బాలోనే ఉంది.

ఆన్ చేశా. నల్ల తెర మీద ఏవో ఇంగ్లిష్ లైన్లు, ఎఫ్1 కొట్టమని అడిగింది, కొట్టా. విండోస్ లోగో వచ్చినట్టే వచ్చి నీలం తెర పడింది. చివర్లో 7బి అని ఒక కోడు. హార్డ్ డిస్క్ పోయిందని ఆ క్షణంలోనే తీర్పిచ్చేశా. ఆఫీసులో నా పనే సర్వర్లు పడిపోతే లేపడం. లాగ్ చదవకుండా చెయ్యి పెట్టొద్దని జూనియర్లకు చెప్పేది కూడా నేనే. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ప్లాన్ సింపుల్. లైనక్స్‌ని బయటినుంచి బూట్ చేసి, లెక్కల ఫైలు బయటికి లాగడం. ముందు పెన్‌డ్రైవ్ పెట్టా. ముందువైపు పోర్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయాయి. వెనక పోర్టులో పెడితే బూట్ జాబితాలో అది కనపడనే లేదు. ఇక మిగిలింది డీవీడీ. నా ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవే లేదు. లైనక్స్ ఐఎస్ఓ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెల్లూరు పోయి, ఒక జిరాక్స్ షాపులో రాయించుకొచ్చా. బయాస్‌లోకి వెళ్లి డీవీడీని మొదటి వరసలో పెట్టి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశా. డ్రైవ్ కాసేపు గుర్రుమంది. మళ్లీ నీలం తెరే.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. సీడీ నుంచి కంప్యూటర్ ఎలా లేవాలో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు 1995లో ఒక పద్ధతి రాశాయి. పేరు ఎల్ టొరిటో. అదేదో గొప్ప సాంకేతిక పదం అనుకున్నా, కాలిఫోర్నియాలో ఒక మెక్సికన్ రెస్టారెంట్ పేరట! ఆ పద్ధతి ప్రకారం బయాస్ డిస్కులో పదిహేడో సెక్టార్ చూస్తుంది. బూట్ సమాచారం ఎక్కడుందో అక్కడ రాసి ఉంటే లేస్తుంది, లేకపోతే డిస్కుని వదిలేసి తర్వాతి దానికి పోతుంది. షాపు కుర్రాడు ఐఎస్ఓని డిస్కుగా విప్పి రాయలేదు, సినిమా ఫైలు కాపీ చేసినట్టు మొత్తం ఒకే ఫైలుగా వేసిచ్చాడు. పెట్టె తెరవకుండా పెట్టెలో పెట్టినట్టు. అతణ్ని అనడానికి లేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు మళ్లీ నెల్లూరు. ఈసారి పక్కన నిలబడి 'ఇమేజ్‌గా బర్న్' చేయించా. ఇంటికొచ్చి పెట్టా. నీలం తెర. డ్రైవ్ కళ్లు పోయాయేమోనని విప్పి, లెన్స్‌ని దూదితో తుడిచా. నీలం తెర. మూడో డిస్కు. నీలం తెర.

నాన్న ఏమీ అనలేదు. "పోనీలే, డీలరు చెప్పిందే కట్టేద్దాం" అన్నాడు రాత్రి భోజనాల దగ్గర. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

తిన్నాక మళ్లీ కూర్చున్నా. ఆన్ చేశా, ఇంగ్లిష్ లైన్లు, ఎఫ్1. వెనకాల గిన్నెలు సర్దుతున్న అమ్మ "అదేందిరా, చదవకుండానే కొట్టేస్తుండావు? నేనైతే ఏడాదిగా కొడతా ఉండా. నీకు ఫోన్లో చెప్పినా కదా, రోజూ తేదీ అడగతా ఉందని" అంది.

చెప్పింది. నిజంగానే చెప్పింది. నేను మీటింగ్‌లో ఉండి "రీస్టార్ట్ చెయ్యమ్మా, పోతుంది" అన్నా.

ఆఫ్ చేసి, ఆన్ చేసి, ఈసారి చదివా. సెట్టింగులు పోయాయి, డిఫాల్ట్‌లు లోడ్ చేశాను అంటోంది. బయాస్‌లో తేదీ 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. పేరులోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ సెట్టింగుల్నీ కాపాడేది అదే. దాని బలం తగ్గేకొద్దీ ముందు గడియారం పోయింది, అమ్మ ఎఫ్1 కొట్టి నెట్టుకొచ్చింది. చివరికి పూర్తిగా చచ్చి సెట్టింగులూ పోయాయి.

ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ లేకపోయినా సెట్టింగులు నిలుస్తాయి. కానీ మా ఇంట్లో వాడని స్విచ్ ఆన్‌లో ఉంటే నాన్నకు నిద్ర పట్టదు. నేను నెల్లూరు పోగానే గోడ దగ్గర ఆపేసేవాడు. డిస్కు విప్పడానికి నేనూ ఆపేవాణ్ని. ప్రతిసారీ నేను పెట్టిన వరస చెరిగిపోయి హార్డ్ డిస్కే ముందుకొచ్చేది. రెండో డిస్కు, మూడో డిస్కు శుభ్రంగా ఉన్నాయి. వాటి వంతు రానేలేదు.

రాత్రి పదిన్నర. మా ఊళ్లో ఆ టైముకి బ్యాటరీ ఎవరమ్ముతారు? పాతది ఊడదీసి చేతిలో పెట్టుకుని చూస్తుంటే అమ్మ తొంగిచూసి, "ఇది మీ నాన్న షుగర్ మిషన్లో ఉండేదే కదా" అంది. తెచ్చి చూస్తే అదే, సీఆర్2032.

వేశా. తేదీ పెట్టి, డీవీడీని ముందు పెట్టా. డ్రైవ్ మూలుగుతూ మూలుగుతూ నాలుగైదు నిమిషాలకు లైనక్స్ తెర చూపించింది. హార్డ్ డిస్క్ తెరుచుకుంది. లెక్కల ఫైలు ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా ముగ్గురం మాట్లాడలేదు.

అప్పుడు వెలిగింది. 7బి అంటే విండోస్‌కి తన డిస్కు అందకపోవడం. బయాస్‌లో సాటా మోడ్ చూస్తే ఐడీఈ అని ఉంది. విండోస్ వేసినప్పుడు అది ఏహెచ్‌సీఐలో ఉండుంటుంది, బ్యాటరీ పోగానే డిఫాల్ట్‌కి జారింది. మార్చా. విండోస్ 7 ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది. అంటే హార్డ్ డిస్క్ పోలేదు. ఏ డిస్కూ అక్కర్లేదు.

ఇంకో భయం మిగిలింది. ఏడాదిగా గడియారం తప్పు కదా. ఫైళ్ల మీద తేదీలన్నీ 2010వే. ఎంట్రీల తేదీలూ అంతేనా? తప్పు తేదీల లెక్క పట్టుకెళ్తే డీలరు నవ్వుతాడు. అమ్మని అడిగా.

"కంప్యూటరు తేదీ నేనెప్పుడు నమ్మినా? గోడ మీద క్యాలెండరు చూసే వేస్తా" అంది.

ప్రతి వరసా సరిగ్గా ఉంది. తేదీ, వారం, బస్తాలు, డబ్బు ఎవరి చేతికిచ్చిందీ. డీలరు లెక్కలో లేనివి రెండు దొరికాయి: ఒకటి నలభై వేలు, ఇంకోటి ఇరవై. నాన్న తెరని ఫోన్లో ఫొటో తీసుకుని పొద్దున్నే పోయాడు. డీలరు తన పుస్తకం తిరగేసి నలభై వేలది ఒప్పుకున్నాడు. ఇరవై వేలది ఇంకా మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రం అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎఫ్1 అడగలేదు. ఎక్సెల్ తెరిచి, గోడ వైపు చూసి తేదీ వేసి, 'ఇతర ఖర్చులు' కింద 'బ్యాటరీలు 2' అని టైప్ చేసింది. ఒకటి కంప్యూటర్‌కి, ఒకటి షుగర్ మిషన్‌కి. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు తెచ్చిన ఆ డిస్కులు మూడూ ఎంతయిందిరా? అవి కూడా రాయాలా?"