అవ్వ చెప్పిన వంశవృక్షం



తెలుగు పండితునికి జన్యుశాస్త్రంతో పనేమిటని మీకు సందేహం కలుగవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల బడులలో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పినవానికి హాజరుపట్టీ కూడా కొంత వైద్యం నేర్పుతుంది. కొందరు పిల్లలకు నెల తిరగకముందే మళ్లీ జ్వరమో, చెవి కారడమో, న్యుమోనియానో వచ్చేది. "వీని మేనమామలిద్దరు గూడ గిట్లనే జరమొచ్చి చిన్నప్పుడే పోయిండ్రు సారూ" అని ఒక అవ్వ అన్నమాట నేటికీ మరపునకు రాదు.

ఆమె తనకు తెలియకుండానే ఒక వంశవృక్షాన్ని చెప్పింది. తల్లి ద్వారా సంక్రమించి, ప్రధానంగా మగపిల్లలను బాధించే రోగనిరోధక లోపాలున్నాయి. 1952లో అమెరికా వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఎనిమిదేళ్ల బాలునిలో అట్టి లోపాన్ని వర్ణించాడు. కారణమైన జన్యువు 1993లో గాని దొరకలేదు. నిరోధకశక్తి చాలకపోవడం ఒక తెగ. అది అకారణంగా చెలరేగి జ్వరమూ వాపూ పుట్టించడం మరొక తెగ. 2022 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో ఇవన్నీ కలిసి 485. ఇక మన మేనరికాల సంగతి: దాగియున్న ఒకే లోపం తల్లిదండ్రులిరువురిలోనూ ఉంటే, కొన్ని వ్యాధులలో ప్రతి కాన్పుకూ 25 శాతం ప్రమాదం.

నా పూర్వవిద్యార్థి కుమార్తె ఎమ్మెస్సీ ముగించి, డాక్టరేటుకు ఏ విషయం తీసుకోవాలని అడిగినప్పుడు ఇదే సూచించాను. "ఇంత అరుదైనదానికి ఐదేండ్లు ధారపోస్తే బతుకుదెరువెట్ల సార్?" అన్నాడు తండ్రి. న్యాయమైన ప్రశ్నే. జేఆర్‌ఎఫ్ సాధిస్తే భృతి లభిస్తుంది. హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం సీడీఎఫ్‌డీ, నిమ్స్‌లను కలిపి విశిష్ట కేంద్రంగా పేర్కొన్నది. ముంబయి ఎన్‌ఐఐహెచ్‌లోనూ, చండీగఢ్ పీజీఐలోనూ ఈ లోపాలపైనే పరిశోధన సాగుతున్నది.

ఫలితమూ చిన్నది కాదు. తీవ్ర నిరోధక లోపంతో పుట్టిన శిశువుకు సజీవ క్రిములతో చేసిన బీసీజీ టీకాయే వ్యాధి కాగలదు. వ్యాధి పేరు త్వరగా తెలిస్తే మూలకణ మార్పిడితో బిడ్డను దక్కించుకొనే అవకాశమున్నది.

ప్రయోగశాల జన్యువును చదువుతుంది; కాని ఇంట్లో ఎవరెవరు, ఏ వయసున, ఎట్లా పోయారో అవ్వల నోటనే వినాలి. "జరం" అంటే ఏమిటో తెలిసిన పాలమూరు బిడ్డకు ఆ అర్హత పుట్టుకతోనే వచ్చింది. మీ ఇండ్లలో జీవశాస్త్రం చదివే పిల్లలుంటే ఈ మాట వారి చెవిన వేయగలరు.